హస్తవాసి: ఆసుపత్రిలో రోగి మనస్సు

ఒక వైద్యుని గూర్చి చెప్పునపుడు “ఆయన హస్తవాసి మంచిది” అనుట మన పల్లెలలో పరిపాటి. మందు అదియే, మోతాదు అదియే; అయినను ఒకరు ఇచ్చిన పనిచేయుననియు, మరియొకరు ఇచ్చిన అంతగా పనిచేయదనియు జనులు నమ్ముదురు. విజ్ఞానశాస్త్రము చదివినవారు చాలకాలము ఈ మాట విని నవ్వి ఊరకుండిరి. నవ్వదగినది అందులో కొంత లేకపోలేదు. కాని ఆ నమ్మకము వెనుక ప్రయోగశాలలో పరీక్షింపదగిన ప్రశ్న ఒకటి దాగియున్నది. మందు ఇచ్చు మనిషి, ఇచ్చు తీరు, పుచ్చుకొనువాని ఎదురుచూపు - ఇవి శరీరముపై కొలవదగినంత ప్రభావము చూపునా?

ఇటలీదేశమున ట్యూరిన్ నగరమునందు ఫాబ్రిజియో బెనెడెట్టి, ఆయన సహచరులు దీనిని పరీక్షించిన విధానము మిక్కిలి సరళమైనది. శస్త్రచికిత్స జరిగిన రోగులకు నొప్పి తగ్గించు మందును నరములోనికి ఎక్కింపవలసియున్నది. కొందరికి వైద్యుడు మంచము ప్రక్కకు వచ్చి, ఇది నొప్పిని తగ్గించు మందు అని చెప్పి, కంటియెదుటనే ఇచ్చెను. మరికొందరికి ముందుగా అమర్చిన యంత్రము, గదిలో వైద్యుడు లేకుండగా, రోగికి తెలియకుండ అదే మందును ఎక్కించెను. తెలియకుండ ఇచ్చినపుడు నొప్పి సగమునకు తగ్గుటకు ఎక్కువ మోతాదు కావలసివచ్చెనని వారు 2001లో ప్రకటించిరి. అనగా, మనము మందు గుణమనుకొనుచున్న దానిలో కొంత భాగము మందుది కాదు. “ఇదిగో, ఇచ్చుచున్నాను” అను మాటది.

ఈ మాట శరీరములో ఏమి చేయును? మన మెదడు మార్ఫీనును పోలిన కొన్ని పదార్థములను తానే తయారుచేసికొనును. వీనికి ఎండార్ఫినులని పేరు. నొప్పి తగ్గునను నమ్మకము కలిగినపుడు ఇవి విడుదలయగును. దీనికి సాక్ష్యము 1978లో అమెరికాలో లభించినది. జ్ఞానదంతము తీయించుకొనిన రోగులకు ఉత్త ద్రవమును మందని చెప్పి ఇచ్చినను కొందరికి నొప్పి తగ్గెను. పిమ్మట నాలోక్సోన్ ఇచ్చిరి. మార్ఫీను పనిచేయు చోటులను కప్పివేయుట దీని గుణము. అది పడగానే, ఉత్త ద్రవముతో ఉపశమనము పొందినవారికి నొప్పి మరల హెచ్చెను. మనస్సువలన కలిగిన ఉపశమనమునకును రసాయనిక మార్గమొకటి ఉన్నదన్న మాట.

ఇచ్చట ఒక హద్దు గీయుట అవసరము. నమ్మకము నొప్పిని తగ్గింపగలదు, వికారమును, ఆందోళనను తగ్గింపగలదు. పగిలిన ఉండుకమును అది కుట్టలేదు, క్షయక్రిములను చంపలేదు. పైగా మనస్సు రోగిని తప్పుదారి పట్టించుటయు కలదు. 1956లో మద్రాసు నగరమున క్షయరోగులపై ఒక ప్రసిద్ధమైన పరిశోధన ప్రారంభమైనది. 193 మంది రోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు శానిటోరియములోను, మరియొక వర్గమునకు వారి ఇండ్లలోను ఒకే మందులతో ఒక సంవత్సరము చికిత్స చేసిరి. ఇరుకు ఇండ్లలో, చాలని తిండితో ఉన్నవారును ఇంచుమించు శానిటోరియములోని వారివలెనే కోలుకొనుట లోకమును ఆశ్చర్యపరచినది. కాని ఆ పరిశోధకులు మందులిచ్చి ఊరకుండలేదు. చెప్పకుండ ఇండ్లకు పోయి మిగిలిన మాత్రలను లెక్కపెట్టిరి. మందు మ్రింగినదియు లేనిదియు మూత్రపరీక్షవలన కనిపెట్టిరి. దగ్గు తగ్గి, ఒడలు తేరుకొనగానే రోగికి జబ్బు పోయినదనిపించును. క్రిములు ఇంకను మిగిలియే ఉండును. ఆ రెంటి నడుమనున్న కాలములో మందు మానివేయుట తెలివితక్కువ పనిగా రోగికి తోచదు.

ఆసుపత్రి గడప దాటగానే భయము తన పని ప్రారంభించును. భయపడినవాని అడ్రినల్ గ్రంథులు అడ్రినలినును రక్తములోనికి వదలును. గుండె వేగము హెచ్చును, రక్తనాళములు బిగియును. 1983లో ఇటలీలో జుసెప్పే మాంచియా, ఆయన సహచరులు రోగుల ధమనిలో సన్నని గొట్టమునుంచి, రక్తపోటును ఎడతెగక నమోదు చేసిరి. వైద్యుడు దాపునకు వచ్చిన కొద్ది నిమిషములలోనే పై అంకె సగటున 27 మిల్లీమీటర్లు, క్రింది అంకె 15 మిల్లీమీటర్లు పెరిగెను. ఇది స్వల్పము కాదు; ఆరోగ్యవంతుని రోగిగా లెక్కించుటకు చాలినంత పెరుగుదల. ఒక్కసారి చూచిన రక్తపోటునుబట్టి తొందరపడి నిర్ణయింపరాదని వైద్యులు చెప్పుటకు ఇది ఒక కారణము.

భయమును తగ్గించుటకు మాటలు పనికివచ్చునా? ఈ ప్రశ్నకు దొరికిన సమాధానములలో నాకు మిక్కిలి నచ్చినది 1964లో ప్రకటింపబడినది. అమెరికాలో బోస్టన్ నగరమునందలి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో లారెన్స్ ఎగ్బర్ట్ అను వైద్యుడు మత్తుమందు ఇచ్చు విభాగములో పనిచేయుచుండెను. ఉదర శస్త్రచికిత్సకై వచ్చిన 97 మందిని ఆయన, ఆయన సహచరులు రెండు వర్గములుగా విభజించిరి. మత్తుమందు వైద్యుడు శస్త్రచికిత్సకు ముందటి దినమున అందరిని చూచి, అది ఎప్పుడు జరుగునో, ఎంతసేపు పట్టునో, మెలకువ ఎచ్చట వచ్చునో చెప్పెను. నొప్పి మాట మాత్రము మొదటి వర్గమువారితో ఎత్తలేదు.

రెండవ వర్గమువారితో ఆ మాటయే ముఖ్యముగా చెప్పెను. మెలకువ వచ్చిన పిమ్మట నొప్పి ఎచ్చట తోచునో, ఎంత తీవ్రముగా నుండునో, ఎంతకాలముండునో వివరించెను. అట్టి నొప్పి సహజమని చెప్పెను. గాయము క్రింది కండరములు బిగుసుకొనుటవలన నొప్పి హెచ్చుననియు, వానిని సడలించినచో తగ్గుననియు చెప్పి, నిదానముగా దీర్ఘశ్వాస తీయుట నేర్పెను. పొట్టకండరములపై బరువు పడకుండ చేతుల సాయముతో ఎట్లు ఒత్తిగిలవలెనో చూపెను. ఇన్ని చేసినను నొప్పి తగ్గనిచో మందు అడుగవచ్చుననియు చెప్పెను. శస్త్రచికిత్స పిమ్మటను వచ్చి ఆ మాటలనే మరల గుర్తుచేసెను.

ఎవరు ఏ వర్గమువారో శస్త్రవైద్యులకు తెలియదు. కనుక వారి పక్షపాతమునకు ఇందు చోటు లేదు. ఫలితమేమనగా, నొప్పి గూర్చి ముందుగా విన్నవారికి మార్ఫీను జాతి మందులు సుమారు సగము మాత్రమే అవసరమయ్యెను. ఏమియు ఎరుగని శస్త్రవైద్యులు వారిని సగటున 2.7 దినములు ముందుగా ఇంటికి పంపిరి. నొప్పి మాట ఎత్తినచో రోగి బెదరిపోవునని చాలమంది తలంతురు. బెదరు ఎక్కువగా తెలియనిదానివలన కలుగును. శస్త్రచికిత్స మరునాడు కడుపులో కత్తితో పొడిచినట్లున్నచో, ఏమియు చెప్పబడని రోగి “ఏదో తప్పు జరిగినది” అని తలచి బిగుసుకొనును; బిగువు నొప్పిని పెంచును; పెరిగిన నొప్పి ఆ తలంపును బలపరచును. ముందే విన్నవాడు “చెప్పినట్లే ఉన్నది” అనుకొని ఊపిరి వదలును. ఈ చికిత్సకు ఖర్చయినది కొన్ని నిమిషముల కాలము. ఆ కొన్ని నిమిషములే క్రిక్కిరిసిన మన పెద్దాసుపత్రులలో దొరకనివని చదువరులు అనవచ్చును. నిజమే, అయినను అంగీకారపత్రముపై సంతకము తీసికొను సమయము ఎట్లును ఉన్నది గదా.

రోగులు అడుగకుండుటకును కారణమున్నది. అమెరికన్ మనస్తత్త్వవేత్త షెల్లీ టేలర్ 1979లో దీనిని చక్కగా విశదీకరించినది. ఆసుపత్రిలో ఎప్పుడు తినవలెనో, ఎప్పుడు లేవవలెనో, ఏ బట్ట కట్టవలెనో అన్నియు ఇతరుల చేతిలో ఉండును. కొందరు రోగులు దీనికి తిరుగబడుదురు. వారిని సిబ్బంది “మొండివారు” అందురు. ఎక్కువమంది నోరు మూసికొని “మంచి రోగులు” అగుదురు. మంచి రోగి అందరికి సుఖము. కాని ఆ నెమ్మదితనము కొందరిలో నిస్సహాయత. వారు చెప్పవలసిన క్రొత్త లక్షణమును గూడ, డాక్టరుగారికి విసుగు కలుగునేమోయని, చెప్పక దాచుదురు.

నెమ్మదితనము చూచి మోసపోవుటకు మరింత విషాదకరమైన ఉదాహరణ పసిపిల్లలది. ఇరువదవ శతాబ్ది నడుమ లండనులోని కొన్ని ఆసుపత్రులు చేర్చుకొనిన బిడ్డను చూచుటకు తల్లికి వారమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే అనుమతి ఇచ్చెడివి. తల్లి వచ్చిపోయినచో బిడ్డ ఏడ్చును, రానిచో కొన్నాళ్ళకు “సర్దుకొనును” అని వారి వాదము. జేమ్స్ రాబర్ట్‌సన్ అను సామాజిక కార్యకర్త ఈ సర్దుబాటును దగ్గరనుండి పరిశీలించెను. బిడ్డ మొదట ఏడ్చి గోలచేయును. పిమ్మట ఆశ విడిచి మౌనముగా కుమిలిపోవును. కట్టకడపట తల్లి వచ్చినను మొగము త్రిప్పుకొని, నర్సులతో నవ్వుచుండును. సిబ్బంది కోలుకొనుటగా భావించిన ఈ మూడవ దశయే అన్నిటికంటె భయంకరమైనదని ఆయన మతము. మాటలకు ఎవరును లోబడకపోగా, హెర్నియా శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల బాలికను ఆయన చలనచిత్రముగా తీసి 1952లో ప్రదర్శించెను. కావలసిన దృశ్యములను ఏరుకొనెనను నింద రాకుండ, ప్రతిదినము నిర్ణీతమైన వేళలో కొంత చిత్రమును తీసెను. చూచిన వైద్యులలో పలువురు కోపించిరి. కాని 1959లో సర్ హారీ ప్లాట్ అధ్యక్షతన వెలువడిన ప్రభుత్వ నివేదిక తల్లిదండ్రులను అడ్డులేకుండ రానీయవలెననియు, తల్లులు బిడ్డలతో ఉండుటకు వసతి కల్పింపవలెననియు సిఫారసు చేసెను.

మన దేశమున బంధువులను దూరముగా నుంచుట ఏనాడును పూర్తిగా సాగలేదు. దానిని లోపముగా గాక చికిత్సాసాధనముగా చూచినవారును ఉండిరి. 1950ల దశకములో అమృతసర్ మానసిక చికిత్సాలయమున డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి, రోగుల కుటుంబములను వారితోనే ఉంచెను. రోగితో ఎట్లు మెలగవలెనో బంధువులు అచ్చటనే నేర్చుకొనిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారి మానసిక ఆరోగ్య కేంద్రములోను కుటుంబము రోగివెంట ఉండు పద్ధతి నెలకొన్నది.

వెంట ఉండు బంధువువలన ఎక్కువ మేలు బహుశః వృద్ధులకు కలుగును. ఇంటిలో తెలివిగా ఉన్న డెబ్బదియేండ్ల ముసలివాడు ఆసుపత్రిలో చేరిన రెండవ రాత్రి సంబంధములేని మాటలాడును, సెలైను గొట్టము పెరుకును, “బండి కట్టండి, ఊరికి పోదాం” అనును. దీనినే మనవారు సంధి అందురు. సంధి పుట్టినచో ఇక ఆశ లేదని పూర్వము భయపడెడివారు. జ్వరము, మందులు, శరీరములో నీరు తగ్గుట దీనికి కారణములు. నిద్రలేమి, కంటికి కనపడక చెవికి వినపడకపోవుట, తెలియని చోటు దానికి తోడగును. 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన షారన్ ఇనూయే, ఆమె సహచరులు 70 ఏండ్లు దాటిన 852 మంది రోగులపై చేసిన పరిశోధన ఇందులో ముఖ్యమైనది. వారు క్రొత్త మందేమియు వాడలేదు. కళ్ళజోడు, వినికిడి యంత్రము రోగికి అందించిరి, నీళ్ళు త్రాగించిరి, పగలు నడిపించిరి, ఈ దినమేదో, ఉన్న చోటేదో మాటిమాటికి చెప్పిరి, నిద్రమాత్రకు బదులు గోరువెచ్చని పానీయమిచ్చి, వీపు నిమిరి, రాత్రివేళ చప్పుడు తగ్గించిరి. మామూలు సంరక్షణలో 15 శాతము మందికి సంధి పుట్టగా, వీరిలో 9.9 శాతము మందికే పుట్టెను. ఒకసారి పుట్టిన తరువాత మాత్రము ఈ ఉపాయములు దాని తీవ్రతను తగ్గింపలేదు. కళ్ళజోడు పోవునేమోయని ఇంటియొద్దనే విడిచి వచ్చుట మనలో వాడుక గనుక ఈ సంగతి గమనింపదగినది.

సంధి అన్నివేళల అరచుచు రాదు. కొందరు వృద్ధులు మగతగా, పిలిచిన ఎప్పటికో పలుకుచు, గోడవైపు తిరిగి పండుకొందురు. ఎవరిని ఇబ్బంది పెట్టరు గనుక వారి స్థితి వార్డులో తరచుగా గుర్తింపబడదు. నర్సుకు ఆ మనిషి నిన్నటినుండియే తెలియును; కూతురికో కొడుకుకో జీవితమంతయు తెలియును. “మా నాన్న ఎప్పుడూ ఇలా ఉండడండీ” అని వారు చెప్పినపుడు, వైద్యులు దానిని ఉత్త కంగారని కొట్టివేయక, మందుల పట్టికను, ఉప్పు, చక్కెరల పాళ్ళను, మూత్రమును వెంటనే పరీక్షింతురు.