వేడి పాలే ముందు గడ్డ కట్టాయేం?

ఆరేళ్ళ తర్వాత పత్రికకెక్కిన ఓ బడిపిల్లవాడి ప్రశ్న

రెండు గిన్నెల్లో పాలున్నాయి. ఒకటి పొయ్యి మీద నుంచి అప్పుడే దించింది, రెండోది చల్లటిది. రెంటినీ ఒకేసారి ఫ్రిజ్‌లో, మంచుగడ్డ కట్టే అరలో పెడితే ఏది ముందు గడ్డ కడుతుంది? ఎవరిని అడిగినా చల్లటివే అంటారు. ఇందులో ఆలోచించడానికేముందని కూడా అంటారు. కానీ 1963లో ఆఫ్రికాలో, అప్పట్లో టాంగన్యీకా అని పిలిచే నేటి టాంజానియా దేశంలో, ఒక హైస్కూలు విద్యార్థి ఇందుకు విరుద్ధంగా జరగడం కళ్ళారా చూశాడు. ఎందుకని అడిగాడు. అడిగినందుకు చాలాకాలం నవ్వులపాలయ్యాడు.

ఆ కుర్రవాడి పేరు ఎరాస్టో ఎంపెంబా. నేడు ప్రపంచమంతటా భౌతిక శాస్త్రం చదివేవారు ఈ సంగతిని అతని పేరుతోనే 'ఎంపెంబా ప్రభావం' అంటున్నారు. పిల్లలున్న ప్రతి ఇంట్లో, ప్రతి బడిలో చెప్పుకోదగిన కథ ఇది.

ఐస్‌క్రీం కోసం తొందర

ఎంపెంబా అప్పట్లో మగాంబా సెకండరీ స్కూల్లో చదువుతున్నాడు. ఆ బడి పిల్లలు ఐస్‌క్రీం తామే చేసుకునేవారు. పాలు కాచి, పంచదార కలిపి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. పిల్లలు చాలామంది, ఫ్రిజ్‌లో చోటు కొంచెం. అందుచేత రోజూ చోటు కోసం పోటీయే.

ఒకనాడు ఎంపెంబా ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గర పాలు కొని కాచడం మొదలుపెట్టాడు. అది చూసిన మరో కుర్రవాడు తనకు చోటు దొరకదేమోనని, పాలు కాచకుండానే పంచదార కలిపి ట్రేలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేశాడు. ఇక మిగిలింది ఒక్క ట్రే. పాలు చల్లారేదాకా ఆగితే అదీ దక్కదు. ఫ్రిజ్ పాడైతే పాడవనీ అనుకుని ఎంపెంబా వేడి పాలనే తీసుకెళ్ళి పెట్టాడు.

గంటన్నర గడిచాక వెళ్ళి చూస్తే అతని పాలు గడ్డ కట్టి ఉన్నాయి. రెండో కుర్రవాడి పాలు ఇంకా చిక్కటి ద్రవంగానే ఉన్నాయి.

తరగతిలో నవ్వులు

ఇది ఎలా జరిగిందని ఎంపెంబా సైన్సు మాస్టారుని అడిగాడు. నువ్వేదో పొరబడ్డావు, అలా జరగదు అన్నారాయన. అప్పటికి ఊరుకున్నాడు. తర్వాత టాంగా పట్టణంలో ఐస్‌క్రీం చేసి అమ్ముకునే స్నేహితుడొకడు కలిశాడు. తొందరగా గడ్డ కట్టడానికి తానూ వేడి పాలే పెడతానని అతను చెప్పాడు. ఐస్‌క్రీం అమ్ముకునేవాళ్ళకు తెలిసిన సంగతి బడిలో ఎవరూ నమ్మలేదన్నమాట.

ఎంపెంబా ఆ పరీక్ష పాసై ఇరింగా పట్టణంలోని ఎంక్వావా హైస్కూల్లో చేరాడు. అక్కడ వేడి వస్తువులు ఎలా చల్లారతాయో న్యూటన్ చెప్పిన సూత్రం పాఠంగా వచ్చింది. అతను మళ్ళీ లేచి తన ప్రశ్న అడిగాడు. ఇది లోకమంతటికీ వర్తించే భౌతిక శాస్త్రం కాదు, ఎంపెంబా భౌతిక శాస్త్రమని మాస్టారు తేల్చేశారు. తరగతి గొల్లుమంది. ఆనాటి నుంచి అతను ఏ లెక్కలో తప్పు చేసినా అది ఎంపెంబా లెక్క అని వెక్కిరించడం తోటివారికి అలవాటైంది.

మరో పిల్లవాడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. ఎంపెంబా మాత్రం ఒక మధ్యాహ్నం ప్రయోగశాల తలుపు తీసి ఉండటం చూసి లోపలికి వెళ్ళాడు. రెండు చిన్న బీకర్లు తీసుకుని ఒకదానిలో కొళాయి నీళ్ళు, రెండోదానిలో వేడినీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టాడు. గంట తర్వాత చూస్తే రెండూ పూర్తిగా గడ్డ కట్టలేదు గాని, వేడినీళ్ళు పోసిన బీకరులోనే మంచు ఎక్కువగా ఉంది.

ప్రొఫెసరు గారు ఏం చేశారు?

కొన్నాళ్ళకు దారెస్సలాం విశ్వవిద్యాలయ కళాశాల నుంచి డెనిస్ ఆస్‌బోర్న్ అనే భౌతిక శాస్త్ర ఆచార్యుడు ఆ బడికి ప్రసంగించడానికి వచ్చాడు. చివర ప్రశ్నలు అడగమన్నాడు. ఎంపెంబా లేచాడు. రెండు బీకర్లలో సమానంగా నీళ్ళు పోసి, ఒకటి 35 డిగ్రీల వేడితో, రెండోది 100 డిగ్రీల వేడితో ఫ్రిజ్‌లో పెడితే 100 డిగ్రీలదే ముందు గడ్డ కడుతోంది, కారణమేమిటని అడిగాడు. పెద్దమనిషి ముందు పరువు తీసుకున్నావని తోటివారు ఆ తర్వాత దెప్పిపొడిచారు.

నిజానికి ఆస్‌బోర్న్ కూడా ఆ కుర్రవాడు పొరబడ్డాడనే అనుకున్నాడు. ఈ మాట తర్వాత ఆయనే రాసుకున్నాడు. అయితే నవ్వి ఊరుకోలేదు. నువ్వు స్వయంగా చేసి చూశావా అని అడిగాడు. చూశానన్నాడు ఎంపెంబా. కారణం నాకు తెలియదు, ఊరికి తిరిగివెళ్ళి చేసి చూస్తానని ఆయన మాట ఇచ్చాడు.

ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ప్రయోగశాలలో పనిచేసే సహాయకుడికి ఆ పని అప్పగించాడు. సహాయకుడు వచ్చి, వేడినీళ్ళే ముందు గడ్డ కట్టాయండీ, సరైన జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తాం లెండి అన్నాడట! కళ్ళెదుట కనిపించినా నమ్మకం కుదరకపోవడమంటే ఇదే. తర్వాత జరిపిన ప్రయోగాల్లోనూ అలాగే వచ్చింది. 1969లో 'ఫిజిక్స్ ఎడ్యుకేషన్' అనే పత్రికలో దీనిపై వ్యాసం అచ్చయింది. దాని మీద ఎంపెంబా, ఆస్‌బోర్న్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆచార్యుడు కుర్రవాడి ప్రశ్నను తన ఒక్కడి పేరు మీద వేసుకోలేదు.

ఇంతకీ నిజమేనా?

దీని మీద నేటికీ వాదోపవాదాలు సాగుతున్నాయి. రెండువేల మూడువందల ఏళ్ళ క్రితమే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఇలాంటి మాట రాశాడు. ఆ తర్వాత బేకన్, డెకార్ట్ వంటి వారూ రాశారు. కారణాలు పలువురు పలు విధాలుగా చెబుతున్నారు.

అందులో ఒకటి మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఎందుకు? కుండ పైకి చెమ్మ ఊరి, ఆవిరై పోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది గనుక. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లార్చాలంటే తీయవలసింది ఒక్క క్యాలరీ వేడి. అదే ఒక గ్రాము మరిగే నీరు ఆవిరైతే సుమారు 540 క్యాలరీలు పట్టుకుపోతుంది. వేడినీళ్ళ నుంచి ఆవిరి ఎక్కువగా పోతుంది. వేడీ తగ్గుతుంది, గడ్డ కట్టవలసిన నీరూ కొంత తగ్గుతుంది. ఇదిగాక వేడి గిన్నె కింద ఉన్న మంచు పొర కరిగి గిన్నె చల్లటి పలక మీద బాగా ఆనుతుందని కొందరు, గిన్నెలో నీళ్ళు పైకీ కిందికీ కదిలే తీరులో తేడా ఉంటుందని మరికొందరు అంటున్నారు.

2016లో ఇంగ్లండు పరిశోధకులిద్దరు జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, మామూలు నీళ్ళలో ఈ ప్రభావం ఉన్నదనడానికి తగిన ఆధారం తమకు దొరకలేదన్నారు. 2020లో కెనడాలో అవినాశ్ కుమార్, జాన్ బెక్‌హోఫర్ అనే ఇద్దరు, నీళ్ళతో కాకుండా కంటికి కనిపించనంత చిన్న రేణువుతో ప్రయోగం చేసి, వేడిది చల్లటిదానికంటే ముందు చల్లారడం సాధ్యమేనని చూపారు. బడిపిల్లవాడి ప్రశ్న అరవై ఏళ్ళుగా పెద్ద శాస్త్రవేత్తలకు పని కల్పిస్తూనే ఉంది.

మన ఊళ్ళలో ప్రశ్నలు

ఇటువంటి ప్రశ్నలు మన పిల్లలు అడగరా? అడుగుతారు. బావినీళ్ళు చలికాలం తెల్లవారుజామున గోరువెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఎందుకుంటాయి? మనం నడుస్తుంటే చందమామ వెంట వస్తాడెందుకు? చాలామంది పెద్దల జవాబు ఒక్కటే: నోరు మూసుకుని చదువుకో!

నిజానికి భూమిలోపలి నీళ్ళ వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. మారేది బయటి గాలి, దానికి అలవాటుపడ్డ మన ఒళ్ళు. నమ్మకం లేకపోతే మూడు గిన్నెలు పెట్టండి. ఒకదానిలో చేయి పట్టేంత వేడినీళ్ళు, ఒకదానిలో చన్నీళ్ళు, మధ్యదానిలో గోరువెచ్చనివి. ఒక చేయి వేడిలో, ఒకటి చన్నీళ్ళలో కాసేపు ఉంచి, తర్వాత రెండూ మధ్య గిన్నెలో ముంచండి. అవే నీళ్ళు ఒక చేతికి చల్లగా, రెండో చేతికి వేడిగా తోస్తాయి.

చందమామ సంగతి బస్సు కిటికీలోంచే తెలుస్తుంది. దగ్గరి తాటిచెట్టు గిర్రున వెనక్కి పోతుంది, దూరపు కొండ మెల్లగా కదులుతుంది. చందమామ సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం పది మైళ్ళు వెళ్ళినా ఆయన ఉన్నచోటనే ఉన్నట్టుంటాడు.

స్కైలాబ్ నాడు

ప్రశ్న అడగని ఊరికి భయం ఎలా పడుతుందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1979 జులైలో అమెరికావారి స్కైలాబ్ పడిపోతుందన్న వార్త రాగానే తెలుగు పల్లెలు గడగడలాడాయి. ఎలాగూ పోతామని కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నవారి కథలు నేటికీ చెప్పుకుంటారు. 2021లో దీని మీద 'స్కైలాబ్' అని సినిమా కూడా వచ్చింది. బడిలో గ్లోబు తిప్పి చూసిన పిల్లవాడెవడైనా, భూమ్మీద నూటికి 71 వంతులు సముద్రమే కదా, మన ఊరి మీదే ఎందుకు పడాలి అని అడిగి ఉంటే కొన్ని మేకలైనా బతికేవి. జులై 11న దాని ముక్కలు హిందూ మహాసముద్రంలో, పడమటి ఆస్ట్రేలియాలో పడ్డాయి.

ఆ మరుసటి ఏడాదే, 1980 ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దాని దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు అక్కడ పరిశీలనలు జరుపుతుంటే, ఎన్నో ఇళ్ళలో తలుపులు మూసి పిల్లల్ని లోపల కూర్చోబెట్టారు. గ్రహణం నాడు సూర్యుణ్ణి వట్టి కళ్ళతో చూడకూడదన్నది నిజమే, కళ్ళు పోతాయి. కానీ సూర్యుడికి వీపు పెట్టి చెట్టు నీడలో నేలకేసి చూడవచ్చు. ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలన్నీ గ్రహణవేళ నెలవంకల్లా కనిపిస్తాయి.

మాస్టార్లకు, తల్లిదండ్రులకు

బడిలో పాఠాలు పూర్తి చేయాలి, పరీక్షలు దగ్గరపడుతుంటాయి. ప్రతి ప్రశ్నకూ అక్కడికక్కడ జవాబు చెప్పడం ఏ మాస్టారికైనా కష్టమే. ఆస్‌బోర్న్ కూడా ఆనాడు జవాబు చెప్పలేదు, తెలియదన్నాడు, చూద్దామన్నాడు. ఇంట్లో అమ్మ అయినా, నాన్న అయినా ఆపాటి మాట అనవచ్చు. తరగతి గదిలో ఒక నోటుపుస్తకం పెట్టి, జవాబు దొరకని ప్రశ్నలు అందులో రాయిస్తే, ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు వాటిలో నాలుగింటినైనా పిల్లలచేత చేయించి చూపవచ్చు.

పిల్లలూ, మీ ఇంట్లోగాని పక్కింట్లోగాని ఫ్రిజ్ ఉంటే ఎంపెంబా ప్రయోగం మీరూ చేయవచ్చు. ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు తీసుకోండి. గాజువి వద్దు, పగులుతాయి. కొలిచి సమానంగా నీళ్ళు పోయండి. వేడినీళ్ళు మాత్రం పెద్దవాళ్ళచేతనే పోయించండి. పావుగంటకోసారి చూసి టైము రాసుకోండి. మరునాడు గ్లాసుల చోట్లు మార్చి మళ్ళీ చేయండి, ఫ్రిజ్‌లో ఒక పక్క ఎక్కువ చల్లగా ఉండవచ్చు. ఒక్కసారితో వదలక అయిదారుసార్లు చేయండి. ఏది ముందు గడ్డ కట్టినా ఉన్నది ఉన్నట్టు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.