సినిమా కారుకి లింకు డాక్యుమెంట్లు

నేను ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో పనిచేసే రోజుల్లో ఒక పెద్దాయన నా టేబుల్ దగ్గరికి వచ్చారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై ఏడాది. తాతల నాడే బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆ ఊళ్ళో అలాంటి తెలుగువాళ్ళు చాలామంది.

"రామారావు గారి సినిమాలో కారు బాబూ, అంబాసిడర్. అమ్మకానికొచ్చింది. నాలుగు లక్షలంటన్నాడు. నా ఎఫ్‌డీ మీద లోనిస్తారా?" అంటూ సంచిలోంచి ఒక ఫొటో తీశారు. కారుకి ఆనుకుని హీరో నిలబడ్డ స్టిల్. సినిమా 1966 నాటిది. అమ్మేవాడి కారుకీ సరిగ్గా అదే నంబరు ప్లేటు ఉందట.

ఎఫ్‌డీ మీద అప్పుకి కారు చూడాల్సిన పనే లేదు. అరగంటలో ఇచ్చేయొచ్చు. కానీ అవి గ్రాట్యుటీ డబ్బులు. మామూలు పాత అంబాసిడర్‌కి అక్కడ డెబ్బై, ఎనభై వేలకు మించి పలకదు. మిగతా మూడు లక్షల పైచిలుకు ఆ ఫొటో ఖరీదన్నమాట. ఆదివారం దాకా ఆగమన్నాను.

సినిమా కార్ల వెనక నాకు కొంచెం పిచ్చి ఉంది. అందుకే ఆ ప్లేటు నన్ను కదిలించలేదు. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్'లో జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్ డీబీ5 నంబరు బీఎంటీ 216ఏ అని లోకమంతటికీ తెలుసు. ఆ సినిమాకి వాడినవి రెండు కార్లు. మాయలన్నీ బిగించింది ఒకటి, రోడ్డు మీద నడిపింది ఇంకొకటి. రెండోది 2010లో లండన్ వేలంలో 26 లక్షల పౌండ్లు పలికింది. మొదటిదాని కథ విచిత్రం. సినిమా పని అయ్యాక కంపెనీయే మాయలన్నీ ఊడదీసి మామూలు కారుగా అమ్మేసింది. తర్వాతి యజమాని మళ్ళీ బిగించుకున్నాడు. 1997లో ఫ్లోరిడాలో విమానాల షెడ్డులోంచి దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. రేపు ఎవరైనా అలాంటి కారు తెచ్చి ఇదే అదంటే తేల్చేది ప్లేటు కాదు, డీపీ/216/1 అనే ఛాసిస్ నంబరు.

'బుల్లిట్' (1968) సంగతి ఇంకా బాగుంటుంది. దానికి రెండు మస్టాంగులు కొన్నారు. ఛాసిస్ నంబర్లు వరసవి, చివర 558, 559. క్లోజప్‌లకి 559, దూకుళ్ళకి 558. 1974లో న్యూజెర్సీ కుటుంబం ఒకటి 559ని పత్రికా ప్రకటన చూసి 6,000 డాలర్లకి కొంది. ఆ ఇల్లాలు దాంట్లో బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళేవారు! 1977లో హీరో స్టీవ్ మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు. 2018లో బయటపెట్టారు, 2020 వేలంలో పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. చేతులు మారినవి తక్కువ, ప్రతిదానికీ కాగితం ఉంది. మన భాషలో లింకు డాక్యుమెంట్లు తెగలేదు.

558 మాత్రం మెక్సికోలో తుక్కు దశలో దొరికింది. కొన్నవాళ్ళు దాన్ని వేరే సినిమా కారుకి నకలుగా మార్చే పనిలో ఉన్నారు. అసలుని నకలు చేయబోతూ ఛాసిస్ నంబరు వాకబు చేయిస్తే సంగతి బయటపడింది. ఫోర్డు పాత రికార్డులు దగ్గరున్న నిపుణుడు వెళ్ళి చూసి ఖాయం చేశాడు.

మన దగ్గర ఇంత ఆరా ఉండదు. కారుని అద్దెకి తెస్తారు, షూటింగ్ అవగానే తిరిగిచ్చేస్తారు. తర్వాత రంగు మారుతుంది, ప్లేటు మారుతుంది. బెంగాలీలో ఋత్విక్ ఘటక్ తీసిన 'అజాంత్రిక్' (1958)లో జగద్దల్ అనే ముసలి షెవ్రొలే చివరికి తుక్కు కిందే అమ్ముడుపోతుంది. కథే అయినా చాలా కార్ల జాతకం అదే. ఈ మధ్య 'కల్కి 2898 ఏడీ' కోసం మహీంద్రా, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ కలిసి కట్టిన ఆరు టన్నుల బుజ్జికి ఆ బెంగ లేదు. దాన్ని పోలిన మామూలు బండి రోడ్డు మీద ఉంటే కదా!

ఆదివారం వెళ్ళాం. వాహన రుణాల్లో మనం చేసే పనే చేశాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, వచ్చిన అంకెల్ని ఆర్సీతో సరిచూశాను. సరిపోయాయి. ఆర్సీలో నంబరు మాత్రం ప్లేటు మీదున్నది కాదు. సినిమా కోసం ప్లేటు మార్చారని అమ్మేవాడు తడుముకోకుండా చెప్పాడు. నిజమే, మారుస్తారు కూడా. కానీ ఆర్సీలో తయారైన సంవత్సరం 1978. ముందు జాలీ కూడా 1975లో వచ్చిన మార్క్ 3ది. ఫొటోలో ఉన్నది అంతకు ముందరి మార్క్ 2. సినిమా ఆడేనాటికి ఈ కారు ఇంకా ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పుట్టనేలేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఫొటో మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు. బానెట్ ఎత్తించి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, చెవి దగ్గర పెట్టి విన్నారు.

"డెబ్భై ఎనిమిదిలోనే బాబూ నేను వర్క్‌షాపులో చేరింది" అన్నారు. తర్వాత అమ్మేవాడి వైపు తిరిగి అరవై వేల దగ్గర బేరం మొదలుపెట్టారు.