డ్రమ్ము మ్యాగజైను

డ్రమ్ము మ్యాగజైను అనగా తుపాకికి అమర్చే, గుండ్రని డోలు ఆకారంలో ఉండే తూటాల పెట్టె. సైనిక రైఫిళ్ళకు వాడే మామూలు పెట్టె మ్యాగజైనులో సాధారణంగా 20 లేదా 30 తూటాలు పడతాయి. డ్రమ్ములో 50 నుండి 100 వరకు పడతాయి. మాటిమాటికీ మ్యాగజైను మార్చవలసిన అవసరం లేకపోవడం దీని ముఖ్య ప్రయోజనం. అధిక బరువు, సంక్లిష్ట నిర్మాణం, తూటాలు ఇరుక్కుపోయే అవకాశం దీని ముఖ్య లోపాలు. వంద సంవత్సరాలకు పైగా చరిత్ర ఉన్నప్పటికీ చాలా దేశాల సైన్యాలు డ్రమ్మును సామాన్య సైనికుని రైఫిలుకు ప్రామాణికంగా స్వీకరించలేదు.

పదం పుట్టుక

మ్యాగజైను అనే మాటకు మూలం గిడ్డంగి అనే అర్థం గల అరబ్బీ పదం. తెలుగులో స్థిరపడిన ఖజానా అనే పదానిది కూడా అదే ధాతువు. విషయాలను నిలువచేసే పత్రికకు, తూటాలను నిలువచేసే పెట్టెకు ఒకే పేరు రావడానికి కారణం ఇదే.

నిర్మాణం

పెట్టె మ్యాగజైనులో తూటాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. అడుగున ఉన్న స్ప్రింగు వాటిని పైకి నెడుతుంది. డ్రమ్ములో తూటాలు ఇరుసు చుట్టూ వలయాకారంలో అమరి ఉంటాయి. చాలా డ్రమ్ములలో గడియారపు స్ప్రింగును పోలిన చుట్ట స్ప్రింగు వాటిని వరుసగా నోటి వద్దకు తెస్తుంది. తూటాలు వంపు తిరిగి ప్రయాణించవలసి ఉన్నందున ఇందులో కదిలే భాగాలు ఎక్కువ.

డ్రమ్మును రెండు ఇతర సాధనాల నుండి వేరుగా గుర్తించాలి. మొదటిది లూయిస్ గన్ను వంటి వాటిపై పళ్ళెం వలె బల్లపరుపుగా ఉండే మ్యాగజైను. దీనిలో 47 లేదా 97 తూటాలు పట్టేవి. రెండవది మెషీన్ గన్నుకు తగిలించే, తూటాల పట్టీని చుట్టి ఉంచే డబ్బా. చూపునకు డ్రమ్ము వలె ఉన్నా ఇందులో స్ప్రింగు ఉండదు. పట్టీని తుపాకియే లోపలికి లాగుకొంటుంది.

చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ 32 తూటాల నత్త ఆకారపు డ్రమ్మును లూగర్ పిస్తోలుకు, తరువాత 1918 లో ఎం.పి.18 అనే సబ్ మెషీన్ గన్నుకు వాడింది. 1921 లో అమెరికా విపణిలోకి వచ్చిన థామ్సన్ తుపాకికి 50, 100 తూటాల డ్రమ్ములు లభించేవి. అవి బరువైనవి, కదిలినప్పుడు చప్పుడు చేసేవి. 1942 లో వచ్చిన థామ్సన్ సరళీకృత నమూనాలలో డ్రమ్ము అమర్చే ఏర్పాటునే తొలగించారు.

1939-40 నాటి శీతాకాల యుద్ధంలో ఫిన్లాండు సైనికుల సుయోమి తుపాకులను ఎదుర్కొన్న సోవియట్ సైన్యం, వాటి డ్రమ్ము పద్ధతిని అనుసరించింది. ప్రసిద్ధి చెందిన పి.పి.ఎస్.హెచ్.-41 తుపాకికి 71 తూటాల డ్రమ్ము ఉండేది. ఒక తుపాకికి సరిపడిన డ్రమ్ము మరొక తుపాకికి సరిగా సరిపోకపోవడం, తయారీ ఖర్చు, తూటాలు నింపడానికి పట్టే సమయం వంటి కారణాల వలన 1942 నుండి 35 తూటాల పెట్టె మ్యాగజైనును ప్రవేశపెట్టారు. 1961 లో సోవియట్ సైన్యం స్వీకరించిన ఆర్.పి.కె. కు 75 తూటాల డ్రమ్ము, 40 తూటాల పెట్టె రెండూ ఉండేవి. దాని తరువాతి నమూనా ఆర్.పి.కె.-74 కు 45 తూటాల పెట్టెనే ప్రామాణికం చేశారు.

ప్రయోజనాలు

* మ్యాగజైను మార్చే సమయంలో సైనికుడు కాల్పులు జరపలేడు. డ్రమ్ము వలన ఈ విరామాలు తగ్గుతాయి. తోటివారు ముందుకు సాగుతుండగా శత్రువును తలెత్తనీయకుండా చేసేవానికి ఇది ఉపకరిస్తుంది.
* అన్ని తూటాలు పట్టే నిలువు పెట్టె చాలా పొడవుగా ఉంటుంది. డ్రమ్ము పొట్టిగా ఉన్నందున నేలపై పడుకొని కాల్చడం సులభం.
* తూటాల పట్టీ వేలాడదు గనుక ముళ్ళకంపలలో, బురదలో చిక్కుకొనదు.

లోపాలు

* బరువు: 7.62 మి.మీ. కలష్నికోవ్ తూటా ఒక్కొక్కటి సుమారు 16 గ్రాములు. 75 తూటాలే 1.2 కిలోలు. డబ్బాతో కలిపి నిండిన డ్రమ్ము రెండు కిలోలు దాటుతుంది. 30 తూటాల ఉక్కు మ్యాగజైను నిండినప్పుడు సుమారు 0.8 కిలో ఉంటుంది. లెక్కకట్టి చూస్తే తూటాకు పడే బరువు రెండింటిలోను ఇంచుమించు సమానమే. భేదం ఎక్కడనగా, పెట్టెల బరువు నడుముకు, ఛాతీకి పంచుకొనవచ్చు, డ్రమ్ము బరువంతా తుపాకి మీదనే వేలాడుతుంది. అందువలన గురి నిలపడం కష్టమై చేతులు త్వరగా అలసిపోతాయి.
* నమ్మకం: కదిలే భాగాలు ఎక్కువైనకొలది దుమ్ము, తుప్పు, సొట్టల వలన తూటాలు ఇరుక్కుపోయే అవకాశం పెరుగుతుంది. పెట్టె చెడితే పోయేది 30 తూటాలు, డ్రమ్ము చెడితే 75 లేదా 100.
* వేడి: సామాన్య రైఫిలు గొట్టం ఎడతెగని కాల్పులకు తయారైనది కాదు. మ్యాగజైను మార్చే విరామంలో గొట్టానికి దొరికే కొద్దిపాటి విశ్రాంతి కూడా డ్రమ్ముతో ఉండదు.
* తూటాల వృథా: నిమిషానికి 600 చొప్పున పేల్చే తుపాకిలో 100 తూటాల డ్రమ్ము 10 సెకన్లలో ఖాళీ అవుతుంది.

తెలుగు నేలపై

పెట్టె పరిమాణం కంటె తూటాల సరఫరాయే ముఖ్యమనడానికి గోదావరి, విశాఖ మన్యం ఉదాహరణగా నిలుస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుండి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను స్వాధీనం చేసుకొన్నది. అనగా తుపాకికి వంద తూటాలైనా లేవు. నేటి పెద్ద డ్రమ్ము ఒక్కదానిని నింపడానికి కూడా అవి చాలవు. అయినను సెప్టెంబరు 24 న దామనపల్లి కనుమలో పొంచియుండి చేసిన దాడిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఆంగ్లేయ అధికారులు మరణించారు. అచట ఫలితాన్ని నిర్ణయించినది కాల్పుల వేగం కాదు, అడవి తెలిసినవారు ఎంచుకొన్న చోటు.

1989 లో ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖలో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళం కూడా అడవులలో చిన్న చిన్న జట్లుగా రోజుల తరబడి నడిచే పద్ధతినే అనుసరించింది. అన్నపానీయాలు కూడా వీపున మోయవలసిన అటువంటి నడకలో ప్రతి అదనపు కిలో లెక్కకు వస్తుంది.

భారత సైన్యంలో ఇన్సాస్ రైఫిలుకు 20, అదే కుటుంబపు తేలిక మెషీన్ గన్నుకు 30 తూటాల మ్యాగజైన్లు రూపొందించారు. మిగిలిన తూటాలు బయటికి కనిపించేలా వీటిని పాక్షికంగా పారదర్శకమైన ప్లాస్టిక్కుతో తయారుచేశారు. అమేథీ వద్ద కోర్వాలో తయారవుతున్న ఏ.కె.-203 మ్యాగజైను 30 తూటాలది. ఎడతెగని కాల్పుల అవసరం కోసం 2020 మార్చిలో 16,479 నెగెవ్ మెషీన్ గన్నులకు ఇజ్రాయెల్ తో ఒప్పందం కుదిరింది. ఇవి తూటాల పట్టీతో పనిచేస్తాయి. మార్చదగిన, దళసరి గొట్టం గల తుపాకికి ఎక్కువ తూటాలు, సామాన్య రైఫిలుకు తక్కువ తూటాలు అన్నది ఈ ఏర్పాటు వెనుక గల సూత్రం.

పౌరుల భద్రత

సైనికుని విషయంలో లోపమైన మ్యాగజైను మార్పిడి, జనసమూహంపై దుండగుడు కాల్పులు జరిపేటప్పుడు ప్రాణాలు కాపాడే విరామం అవుతుంది. 2011 జనవరి 8 న అమెరికాలోని టూసాన్ నగరంలో ఆరుగురిని చంపిన వ్యక్తిని, మ్యాగజైను మార్చబోతుండగా అక్కడి జనులే పట్టుకొన్నారు. 2019 ఆగస్టు 4 న డేటన్ నగరంలో 100 తూటాల డ్రమ్ము వాడిన వ్యక్తిని పోలీసులు సుమారు అర నిమిషంలోనే కాల్చివేసినా, అప్పటికే తొమ్మిది మంది మరణించారు. 2012 జూలై 20 న అరోరా సినిమాహాలులో 12 మందిని చంపిన వ్యక్తి వాడిన 100 తూటాల డ్రమ్ము గల రైఫిలు మధ్యలో మొరాయించింది. డ్రమ్ములోని యాంత్రిక లోపం అక్కడ ప్రాణనష్టాన్ని తగ్గించినదని భావించవచ్చు.

అమెరికాలో 10 కి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్ల అమ్మకంపై 1994 లో వచ్చిన సమాఖ్య నిషేధం 2004 లో ముగిసింది. ఆ పిదప ఈ విషయం రాష్ట్రాల చేతిలో ఉన్నది. తెలుగువారు అధికంగా నివసించే రాష్ట్రాలలో కాలిఫోర్నియా, న్యూ జెర్సీ 10 తూటాల పరిమితి విధించగా, టెక్సాస్ లో పరిమితి లేదు. ఆత్మరక్షణ హక్కుకు ఇటువంటి పరిమితి భంగకరమని వ్యతిరేకుల వాదన. ఆత్మరక్షణకు అన్ని తూటాల అవసరం అరుదని సమర్థకుల వాదన. 2019 మార్చి 15 న న్యూజీలాండులోని క్రైస్ట్ చర్చిలో 51 మంది హత్యకు గురయ్యారు. మృతులలో తెలంగాణకు చెందినవారు కూడా ఉన్నారు. ఆ దేశం వెంటనే చాలా రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకులను, వాటితోపాటు పెద్ద మ్యాగజైన్లను నిషేధించింది.

భారతదేశంలో ఆయుధాల చట్టం 1959 ప్రకారం, ట్రిగ్గరు నొక్కిపట్టినంతసేపు లేదా మ్యాగజైను ఖాళీ అయ్యేవరకు గుళ్ళు వెలువరించే తుపాకి నిషిద్ధాయుధం. కేంద్ర ప్రభుత్వపు ప్రత్యేక అనుమతి లేనిదే ఎవరును దానిని కలిగి ఉండరాదు. ఆయుధం అనే మాటకు ఈ చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఆయుధ భాగాలు కూడా చేరి ఉన్నాయి. 2019 సవరణ తరువాత నిషిద్ధాయుధాన్ని అక్రమంగా కలిగి ఉన్నందుకు 7 నుండి 14 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చును.