జబ్బు కంటే ముందు చేరవలసిన బీమా

వృద్ధుల ఆరోగ్య రక్షణలో రెండు అంచెలున్నాయి: జబ్బు ముదిరాక ఆసుపత్రిలో చేసే చికిత్స మొదటిది, జబ్బు పైకి కనబడకముందే పరీక్షలతో దాన్ని పసిగట్టే నివారణ వైద్యం రెండోది. ప్రభుత్వ బీమా మొదటిదానికి ఎంత అండగా నిలిచినా రెండోదానికి దూరంగానే ఉండిపోయింది. ఆ ఎడం వల్ల కలిగే నష్టమేమిటో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం చెబుతుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న తొలివిడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు శ్రీకాకుళం కూడా ఉంది. నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా సాగుతున్న ఆ పథకానికి తోడు, కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ బీమాను ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు నిండినవారందరికీ విస్తరించి, వయ వందన కార్డుపై కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు వీలు కల్పించింది. అయితే ఇది ఆసుపత్రిలో చేరినవారికి వర్తించే బీమా కాబట్టి, చేరడానికి ముందు 3 రోజుల ఖర్చు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు ఇందులో కలుస్తాయి గాని, ఓపీలో చూపించుకుని రక్తపరీక్ష చేయించుకునే పెద్దవారికి ఈ కార్డు అక్కరకు రాదు.

జబ్బును ముందే పరీక్షించే పనిని ఆయుష్మాన్ భారత్‌లోనే మరో విభాగమైన గ్రామ ఆరోగ్య కేంద్రాలకు అప్పగించారు. అక్కడ ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలను పరీక్షించాలి. దేశమంతటికీ కలిపి రూపొందించిన ఈ అయిదు జబ్బుల జాబితాలో కిడ్నీ జబ్బు లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే వేలాదిమందిని పట్టి పీడిస్తున్నది ఆ జబ్బే. షుగరు, బీపీ లేనివారికీ ఇది వస్తుంది. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చేసరికే కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. కండరాల్లో పుట్టే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని కిడ్నీలు వడకట్టి బయటికి పంపుతాయి గనుక, రక్తంలో దాని మోతాదు పెరిగిందంటే వాటి శక్తి తగ్గిందని అర్థం. కొద్దిపాటి రక్తంతో జరిగే ఆ పరీక్షలో జబ్బు ముందే తెలిస్తే, కీళ్లనొప్పులకు మందులషాపులో అడిగి మింగే నొప్పి మాత్రలు మానడానికి, బీపీని అదుపులో ఉంచుకోవడానికి, జబ్బు వేగాన్ని తగ్గించడానికి వ్యవధి దొరుకుతుంది. తెలియకపోతే వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు డయాలసిస్ మంచంపై గడపవలసి వస్తుంది. డయాలసిస్ ఖర్చుకు తోడు, రాష్ట్రం ఆ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఇస్తున్నది.

పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వల్ల రోగులకు విశాఖపట్నం ప్రయాణం కొంత తప్పింది. కానీ పిల్లలు వలసపోయి ఊళ్లో ఒంటరిగా మిగిలిన ముసలివారికి పలాస వెళ్లడమూ కష్టమే కనుక, పరీక్షే ఊరికి రావాలి. అమెరికాలో వృద్ధుల బీమా అయిన మెడికేర్ 2011 నుంచి ఏడాదికొకసారి నివారణ సంప్రదింపును ఉచితంగా అందిస్తున్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరూరా తిరిగే 104 సంచార వైద్య వాహనమూ గ్రామ ఆరోగ్య కేంద్రమూ ఉన్నాయి కాబట్టి, కార్డు ఉన్న ప్రతి వృద్ధుడికీ ఏటా ఒకసారి క్రియాటినిన్ సహా పరీక్షలు జరిపి, ఫలితాన్ని ఆ కార్డుకే జతచేయడం అసాధ్యమేమీ కాదు. అప్పుడే ఆ కార్డు పెద్దల ఆరోగ్యానికి నిజమైన భరోసా అవుతుంది.