వేసవి పెరటి తోట: ఆనందాలు, చీడపీడలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

(సంగారెడ్డి - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంపై ప్రత్యేక వ్యాసం)

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం అనగానే కర్మాగారాల పొగగొట్టాలు, షిఫ్టు సైరన్లు, ముంబై జాతీయ రహదారిపై బారులు తీరిన లారీలు గుర్తుకు రావడం సహజం. అయితే ఇదే రహదారి పక్కన 1972లో నెలకొల్పిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) ఉంది. సంగారెడ్డిలో ఫల పరిశోధనా స్థానం ఉంది. భెల్ టౌన్‌షిప్ మొదలుకొని ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం కాలనీ వరకు, కార్మికుల అద్దె ఇళ్ళ డాబాలతో సహా, ఒక మల్లె పొద, ఒక కరివేపాకు చెట్టు, నాలుగు బెండ మొక్కలు కనిపించని వీధి అరుదు.

బజారు కూరగాయలపై ఏ మందు చల్లారో తెలియదన్న బెంగతోనే చాలామంది గృహస్థులు పెరటి సాగుకు పూనుకుంటున్నారు. కాని పురుగు కంటబడగానే తొందరపడి ఘాటైన మందు కొట్టడం, ఎటువంటిదో విచారించని నీటిని పారించడం అనే రెండు పొరపాట్ల వలన ఆ ఉద్దేశమే దెబ్బతింటున్నది. ఏది చీడ, ఏది కాదు అన్న వివేచన, నీటిపై శ్రద్ధ ఉన్నట్లయితే ఈ ప్రాంతంలోనూ వేసవి తోట ఆరోగ్యానికి, ఆహ్లాదానికి నెలవు కాగలదు.

వేసవి తోట సొగసు

సముద్ర మట్టానికి సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్న పటాన్‌చెరు ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను తాకడం సాధారణం. అయినప్పటికీ తోటకు ఇది కళ తప్పిన కాలం కాదు. నవంబరులో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించిన మల్లె పొద మార్చి నుండి విరగబూస్తుంది. ఉగాది పచ్చడికి వేపపూత పెరటిలోనే దొరుకుతుంది. సాయంకాలం షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే వేళకు బీర పూలు పందిరిపై పసుపుపచ్చగా విచ్చుకొని ఉంటాయి.

మామిడి విషయంలో ఈ జిల్లాకు ప్రత్యేక స్థానం ఉంది. రుమాని, నీలం రకాలను సంకరపరచి సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానం రూపొందించిన రకానికి ఇక్కడి నది పేరిట 'మంజీర' అని నామకరణం చేశారు. చెట్టు మరీ పెద్దగా పెరగకపోవడం, ఏటా కాపునివ్వడం దీని సుగుణాలు. తొట్టెలో నీరు పెట్టిన ఇంటికి పిచ్చుకలు, గోరింకలు వస్తాయి. ఇవి దాహం తీర్చుకోవడంతో పాటు పిల్లలకు మేతగా పురుగులను ఏరుకొని పోతాయి. రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట ఆహారంలోనూ పురుగులదే అధిక భాగం.

చీడ కానిదానికి మందు వద్దు

వేసవిలో మొక్కలకు కలిగే ఇబ్బందులలో చాలా వాటికి పురుగుతో సంబంధం లేదు. ఎండ తీవ్రమైనప్పుడు టమాటా పూత రాలడం వేడి వలన జరిగేదే. పుప్పొడి సత్తువ కోల్పోయి కాయ కట్టదు. దీనికి మందు లేదు. మధ్యాహ్నపు ఎండ తగలకుండా నీడ వల కట్టడం, మొదళ్ళలో ఎండుటాకులు పరచడం మేలు.

బీర, సొర, దోస పాదులలో ఆడ, మగ పూలు వేరువేరుగా ఉంటాయి. తేనెటీగల వంటి కీటకాలు రాకపోతే ఆడ పువ్వు కింది పిందె పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. దీనిని తెగులుగా భావించి మందు కొట్టినట్లయితే రావలసిన ఈగ కూడా రాకుండా పోతుంది. మగ పువ్వును కోసి ఆడ పువ్వు మధ్య భాగానికి మృదువుగా అద్దితే పిందె నిలుస్తుంది.

ఆకుల అంచులు కాలినట్లు ఎండడం తరచు నీటిలోని లవణాల వలన జరుగుతుంది. తాగునీటిని శుద్ధి చేసే ఆర్.ఓ. యంత్రం వదిలే వ్యర్థ జలంలో మామూలు నీటి కన్నా లవణాలు అధికం. పొదుపు పేరిట దానినే రోజూ కుండీలకు పోయడం మంచిది కాదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని నిరభ్యంతరంగా వాడవచ్చు.

ఒక పేరు, రెండు పురుగులు

నిమ్మ, కరివేపాకు లేత ఆకులపై పక్షి రెట్టను పోలిన చిన్న గొంగళి పురుగు కనబడుతుంది. కొద్ది రోజులకు అది పచ్చగా మారి, చిన్న మొక్కను ఆకు లేకుండా తినివేయగలదు. తోటలో పిల్లలు వెంటబడే అందమైన నిమ్మ సీతాకోకచిలుక తొలి రూపం అదే. లేత అంటు మీద ఉంటే చేతితో ఏరివేయాలి. పెద్ద చెట్టు మీద ఉంటే వదిలివేసినా చెట్టుకు వచ్చే నష్టం స్వల్పం.

'అక్షింతల పురుగు' అన్న పేరును జనం రెండు వేర్వేరు పురుగులకు వాడుతుంటారు. నున్నగా మెరుస్తూ, పేనుబంకను, పిండినల్లిని తినేది మిత్ర పురుగు. వంగ ఆకును జల్లెడలా గీకి తినేది శత్రువు. దాని వీపు మెరుపు లేకుండా, సన్నని నూగుతో, అనేక నల్ల చుక్కలతో ఉంటుంది. ఈ తేడా తెలియక మిత్రుడిని చంపుకొనే వారు ఎందరో ఉన్నారు. సాలీడు, తూనీగ, అల్లిక రెక్కల పురుగు కూడా తోటకు కాపలాదారులే.

వేసవిలో కనిపించే ప్రధానమైన చీడలు

పిండినల్లి: మందార, జామ, బొప్పాయి మొక్కలపై దూదిలా పేరుకొని రసాన్ని పీలుస్తుంది. అది విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. చీమలను మొక్క ఎక్కకుండా ఆపి, నీటిని వేగంగా చిమ్మి కడిగి, మిగిలిన వాటిపై సబ్బు నీరు చల్లితే చాలావరకు అదుపులోకి వస్తుంది. 2008లో కోయంబత్తూరులో తొలిసారి గుర్తించిన బొప్పాయి పిండినల్లి దక్షిణాది రాష్ట్రాలలో తోటలను నాశనం చేసింది. అప్పుడు దానిని మందులు అదుపు చేయలేదు. 2010లో ప్యూర్టోరికో నుండి రప్పించి విడుదల చేసిన, కంటికి ఆనని చిన్న పరాన్న కీటకాలు అదుపు చేశాయి. మందు కొట్టిన తోటలో ఇటువంటి కీటకాలు నిలవవు.

ఎర్రనల్లి: పొడి వాతావరణంలో ఆకు అడుగున సన్నని గూడు అల్లి రసం పీలుస్తుంది. ఆకు పాలిపోయి చుక్కలు తేలుతుంది. అన్ని పురుగులనూ చంపే మందులు కొట్టిన చోట దీనిని తినే జీవులు నశించి, నల్లి మరింత పెరుగుతుంది. ఉదయం పూట ఆకుల అడుగు భాగాన్ని నీటితో తడపడం తొలి చికిత్స.

తెల్లదోమ: ఇది స్వయంగా చేసే హాని కన్నా బెండలో పల్లాకు తెగులును వ్యాపింపజేసి చేసే హాని ఎక్కువ. ఈనెలు పసుపుపచ్చగా మారిన మొక్క తిరిగి కోలుకోదు. దానిని వెంటనే పీకివేసి, పసుపు రంగు జిగురు అట్టలు కట్టాలి.

పండు ఈగ: పక్వానికి వచ్చే మామిడి కాయ తోలు కింద ఆడ ఈగ గుడ్లు పెడుతుంది. రాలిన కాయలను చెట్టు కిందనే వదిలితే పురుగులు నేలలోకి దిగి కోశ దశకు చేరి, మరల ఈగలుగా పైకి వస్తాయి. కనుక రాలిన కాయలను ఏరోజుకారోజు ఏరి నాశనం చేయడం ముఖ్యం. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు మగ ఈగలను ఆకర్షిస్తాయి. బీర, కాకర కాయలను పాడుచేసే ఈగ వేరు జాతికి చెందినది. దానికి ఈ ఎర పనిచేయదు, క్యూల్యూర్ ఎర వాడాలి.

వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగు: లేత కొమ్మ తల వాల్చితే లోపల పురుగు ఉన్నట్లే. వాలిన కొమ్మలను వారం వారం తుంచి కాల్చివేయడం ఇంటి తోటకు సరిపోతుంది.

కాయతొలుచు శనగపచ్చ పురుగు: టమాటా కాయలో తల దూర్చి తినే ఈ పురుగే కంది, శనగ రైతులకు ప్రధాన శత్రువు. దీనిపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. దీనిని కొంతమేరకు తట్టుకునే 'అభయ' కంది రకం అక్కడి నుండే వచ్చి 1989లో విడుదలైంది. పెరటిలో టమాటా వరుసల పక్కన బంతి నాటితే తల్లి పురుగు గుడ్లను బంతి పూలపై పెట్టడానికి మొగ్గు చూపుతుంది. అక్కడ ఏరివేయడం సులభం.

నీరు ఎక్కడిది?

ఈ ప్రాంతంలో తోట పెంచేవారు పురుగు కన్నా ముందు ఆలోచించవలసినది నీటి గురించి. 1970వ దశకం నుండి విస్తరించిన పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారిన ఉదంతం 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం ఏర్పడిన తరువాత కూడా, 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం శుద్ధి అనంతరం వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఔషధం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తెలిపింది. 2009లో వెలువడిన మరో అధ్యయనం సమీప గ్రామాల బావి నీటిలోనూ ఔషధ అవశేషాలను గుర్తించింది.

ఈ వివరాలను బట్టి ప్రతి బోరు నీరు చెడినదని భావించరాదు. పరీక్షించకుండా ఏ బోరు నీరూ మంచిదని కూడా భావించరాదు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం సాగునీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపు ఉంటే లవణాల ఇబ్బంది లేదు. 3 దాటితే చాలా పంటలకు తీవ్ర హాని కలుగుతుంది. అయితే ఈ పరీక్ష లవణాల సంగతి మాత్రమే చెబుతుంది, రసాయనాల సంగతి చెప్పదు. రంగు, వాసన, నురుగు ఉన్న నీటిని తినే మొక్కలకు పారించరాదు. సాధారణంగా కాయకూరల కన్నా ఆకుకూరలు భార లోహాలను ఎక్కువగా గ్రహిస్తాయి. కనుక తోటకూర, పాలకూర, గోంగూర వంటి వాటికి సరఫరా నీరు, ఒడిసిపట్టిన వాన నీరు వాడడం క్షేమం. అనుమానాస్పదమైన నేలలో నాటడానికి బదులు మంచి మట్టి నింపిన కుండీలలో పెంచడం మరో మార్గం.

కుండీల పళ్ళేలలో, తొట్లలో నీరు నిలిస్తే డెంగీని వ్యాపింపజేసే దోమ పుడుతుంది. వేసవిలో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. పక్షుల తొట్టెతో సహా అన్నింటినీ వారానికి ఒకసారి ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టాలి. చల్లదనం కోసం ఎండుటాకుల కిందికి పాములు, తేళ్ళు చేరే కాలం కనుక చీకటిలో చెప్పులు లేకుండా తోటలోకి వెళ్ళరాదు.

మందు వాడక తప్పకపోతే

ముందుగా వేపను ఆశ్రయించడం ఉత్తమం. లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపితే 5 శాతం కషాయం సిద్ధమవుతుంది. దీనిని సాయంకాలం, ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయాలి. వేసవి చివర రాలే వేప పండ్లను ఏరి గింజలను నీడలో ఆరబెట్టుకుంటే ఏడాదికి సరిపోతాయి. 2021లో రాష్ట్రమంతటా వేప చెట్ల కొమ్మలు ఎండిపోయి ప్రజలు ఆందోళన చెందిన సంగతి విదితమే. ఇంటి ముందరి వేపను కాపాడుకోవడం తోట రక్షణలో భాగం.

రసాయన మందు వాడవలసి వస్తే ఉద్యాన అధికారి సలహా, డబ్బాపై ముద్రించిన పంట పేరు, కోతకు ముందు ఆగవలసిన రోజుల సంఖ్య తప్పక చూడాలి. పొలంలో మిగిలిన మందును పెరటికి తేవడం అత్యంత ప్రమాదకరం. ఉదాహరణకు మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడడాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది.

చీడ సోకిందని ఫిర్యాదు అందినప్పుడు మందు పేరు చెప్పడానికి ముందు ఆకును తిప్పి చూడడం, నీరు ఎక్కడి నుండి వస్తున్నదో అడగడం క్షేత్ర సిబ్బంది విధి. ఈ రెండు విషయాలను ప్రజల దృష్టికి తేవడంలో పత్రికల సహకారం ఎంతో విలువైనది. కొన్ని ఆకులు పురుగుల పాలైనా మిగిలిన కూర నిశ్చింతగా తినగలగడమే పెరటి తోట పరమార్థం.