మేడ మీద ఒక రోజు: ఆకాశం, పిట్టలు, మన కళ్ళు



వేసవి సెలవుల్లో పిల్లలను ఎక్కడికీ తీసుకువెళ్ళలేకపోయామని బాధపడే తల్లిదండ్రులు మా ఓ.పి. వరండాలో చాలామంది కనిపిస్తారు. పైసా ఖర్చు లేకుండా, హైదరాబాదులోనే, ఇంటి మేడ మీదే ఒక రోజంతా ఎలా గడపవచ్చో ఈసారి రాస్తున్నాము. 2023 మే 9, మంగళవారం నాడు ఆసుపత్రి సిబ్బంది కుటుంబాలు, సంఘంలోని కొందరు పిల్లలు కలిసి క్వార్టర్స్ మేడ మీద చేరాము. టెలిస్కోపు లేదు, బైనాక్యులర్స్ లేవు. ఒక నోటుపుస్తకం, క్యారమ్ బోర్డు, పైపు ముక్క, రెండు అట్టముక్కలు మాత్రమే మా సామాను. సరదాకు మొదలుపెట్టిన ఈ పని చివరికి కళ్ళ డాక్టరు గదిలో తేలింది. అందుకే ఆరోగ్య పత్రికలో దీనికి చోటు ఇచ్చాము.

ఉదయం ఐదున్నరకే పైకి వెళ్ళాము. ముందు వినిపించింది కోకిల. నల్లగా, ఎర్రటి కళ్ళతో ఉండేది మగది. కూసేది అదే. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కాబట్టి చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. ఇది గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. ఆ ఉదయం కాకులు కోకిలను తరుముతుంటే పిల్లలకు ఈ సంగతి విడిగా చెప్పవలసిన పని లేకపోయింది. రావిచెట్టు లోపలినుంచి "టుక్, టుక్" మని రేకు మీద సుత్తితో కొట్టినట్టు వినిపించేది కంసాలి పిట్ట. గోరువంకలు, పిగిలిపిట్టలు, రామచిలుకలు, పైన గద్దలు కూడా లెక్కకు వచ్చాయి. పావురాలు సరేసరి. (మేడ మీద పావురాలకు గింజలు వేసే అలవాటు ఉన్నవారు దయచేసి మానండి. ఎండిన వాటి రెట్ట దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరిలో ఊపిరితిత్తులు గట్టిపడతాయి.)

తీగ మీద వాలిన పిట్టను చూపిస్తే, "ఎక్కడ?" అని కళ్ళు చికిలించిన పిల్లలు ఇద్దరు ఉన్నారు. దూరపు చూపు తగ్గిందనడానికి అదొక గుర్తు. పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడిపితే ఈ లోపం మొదలయ్యే అవకాశం తగ్గుతుందని నేత్ర వైద్యులు చెబుతున్నారు.

ఇక మధ్యాహ్నం సంగతి. మేము ఆ రోజునే ఎంచుకోవడానికి కారణం ఉంది. హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కన నీడ పడదు. మేడ నేల వాన నీరు పోవడానికి కొంచెం వాలుగా ఉంటుంది కనుక, క్యారమ్ బోర్డును కింద చీలికలు పెట్టి సమంగా సర్ది, దాని మీద పైపు ముక్క నిలబెట్టాము. నీడ కుంచించుకుపోతూ 12 గంటల 12 నిమిషాలకు మాయమైంది. పిల్లలు తమ నీడల కోసం కాళ్ళ కింద వెతుక్కున్నారు.

ఎందుకిలా? మన నగరం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17.4 డిగ్రీల దూరంలో ఉంది. భూమి అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడు ఏడాదిలో 23.5 డిగ్రీల ఉత్తరం వరకు వచ్చి, తిరిగి దక్షిణానికి వెళతాడు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మనల్ని దాటతాడు. తిరుపతికి ఏప్రిల్ చివరి వారంలోనే ఈ రోజు వస్తుంది, విజయవాడకు మనకంటే మూడు నాలుగు రోజులు ముందు. ఢిల్లీకి ఎప్పుడూ రాదు.

సరిగ్గా ఆ నిమిషంలోనే ఒక పిల్లవాడు సూర్యుడు నెత్తి మీద ఉన్నాడో లేడో చూద్దామని తల పైకెత్తాడు. పక్కనున్న సిస్టరు గారు వెంటనే వాడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టారు. భూతద్దం కాగితాన్ని కాల్చినట్టే, కంటిలోని కటకం సూర్యకాంతిని రెటీనా మధ్యభాగం మీద పోగుచేస్తుంది. మనం అక్షరాలు చదివేది, ముఖాలు గుర్తుపట్టేది ఆ చోటుతోనే. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి దెబ్బ తగిలిన సంగతి అప్పుడు తెలియదు. కొన్ని గంటల తరువాతో, మరునాడో చూపు మధ్యలో మసక లేదా నల్లటి మచ్చ కనిపిస్తుంది. కొందరికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. దీనికి రుజువైన మందు లేదు. చలువ కళ్ళజోడు, ఎక్స్‌రే ఫిలిము, మసి పట్టించిన గాజు ఏవీ చాలవు. పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో సూర్యుణ్ణి చూడటం పెద్దల కాలంనుంచి వస్తున్న అలవాటే గాని, అదీ సురక్షితం కాదు.

క్షేమమైన పద్ధతి చాలా సులువు. అట్టకు సూదితో ఒక బెజ్జం చేసి, ఎండలో ఒక మీటరు ఎత్తున పట్టుకుంటే, కింద తెల్ల కాగితం మీద సుమారు 9 మిల్లీమీటర్ల గుండ్రటి సూర్యబింబం పడుతుంది. కాగితాన్ని చూడాలి, బెజ్జంలోంచి పైకి చూడకూడదు. చెట్టు నీడలో నేల మీద కనిపించే గుండ్రటి వెలుగు మచ్చలు కూడా ఆకుల సందుల్లోంచి పడిన సూర్యబింబాలే. గ్రహణం రోజున అవన్నీ నెలవంకలవుతాయి.

ఎండలో మేము ఉన్నది పదిహేను నిమిషాలే. తరువాత మజ్జిగ తాగి సాయంత్రం వరకు ఇంటిపట్టున ఉన్నాము. మే నెలలో మీరూ అలాగే చేయండి.

పొద్దు వాలాక గబ్బిలాలు బయలుదేరాయి. పడమట మొదట మెరిసింది శుక్రుడు. తెల్లవారుజామున కనిపించేటప్పుడు వేగుచుక్క అని పిలిచేది దీన్నే. మేడ మీది లైట్లు ఆపి, ఫోన్లు లోపల పెట్టించి అరగంట కూర్చున్నాము. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోను వెలుతురు చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఎనిమిది గంటలకు ఉత్తరాన సప్తర్షి మండలం స్పష్టంగా ఉంది. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకొని మినుకుమనేది అరుంధతి. పెళ్ళిళ్ళలో చూపించే నక్షత్రం ఇదే. పగటి ముహూర్తాల్లో ఏం చూపిస్తారో మరి! రెండూ మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. మామూలు చూపు ఉన్నవారికి రెండూ విడివిడిగా కనిపించాలి. ధ్రువ నక్షత్రం చాలా కిందుగా, చాచిన చేతి రెండు పిడికిళ్ళ ఎత్తుకు కొంచెం లోపలే, అంటే దాదాపు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మధ్యాహ్నం నీడను మాయం చేసిన అంకె ఇక్కడ మళ్ళీ కనిపించింది.

అప్పుడే ఒక పిల్లవాడు, "ఏవీ? ఒక్కటే ఉంది కదా!" అన్నాడు. వాడికి శుక్రుడు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకొని నడిచాడు. "వీడికి మొదటినుంచీ పరాకండీ, చీకట్లో అన్నీ తన్నుకుంటాడు" అన్నారు తల్లి. పరాకు కాదు, రేచీకటి. కుటుంబ వివరాలు రాయడం భావ్యం కాదు గాని, పరీక్షలో తేలింది రెటీనాకు సంబంధించిన వంశపారంపర్య జబ్బు. ఇందులో మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందుగా చచ్చిపోతాయి. తరువాత పక్క చూపు కుంచించుకుపోతుంది. మేనరికపు పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువ. ఇందులో చాలా రకాలకు నయం చేసే మందు ఇంకా లేదు. అయినా ముందుగా తెలిస్తే బడిలో ముందు వరుస, ఇంట్లో మెట్ల మీద మంచి వెలుతురు, తోబుట్టువులకు పరీక్ష, చదువు ఎంపికలో జాగ్రత్త అన్నీ వీలవుతాయి. వాడి చెల్లెలిని కూడా పరీక్షించాము. ఆమె చూపు బాగుంది.

రేచీకటికి రెండో కారణం విటమిన్ ఎ లోపం. ఇది పూర్తిగా నయమవుతుంది, అశ్రద్ధ చేస్తే మాత్రం నల్లగుడ్డు కరిగి చూపు పోతుంది. పిల్లలకు తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు విటమిన్ ఎ మందు వేయిస్తారు, తరువాత ఐదేళ్ళ వరకు ఆరు నెలలకొకసారి. తప్పకుండా వేయించండి. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, కాలేయం పెట్టండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా కొని వాడకండి. ముఖ్యంగా గర్భిణులకు మోతాదు మించితే బిడ్డకు హాని.

పిల్లలు సందె వేళ తడుముకున్నా, కరెంటు పోగానే కదలకుండా నిలబడిపోయినా, తిట్టకుండా కళ్ళ విభాగానికి తీసుకురండి. 2027 ఆగస్టు 2 సాయంత్రం మన దేశంలో చాలా చోట్ల పాక్షిక సూర్యగ్రహణం ఉంది. వానాకాలం కనుక మబ్బు పట్టవచ్చు. అట్టముక్క, సూది, తెల్ల కాగితం మాత్రం ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.