తవుడును అలాగే అమ్మాలా? ఆవిరి పట్టించి అమ్మాలా?

నూరు కిలోల ధాన్యం మర ఆడిస్తే నూకలతో కలిపి సుమారు 65 నుండి 68 కిలోల బియ్యం, 20 కిలోల ఊక, 8 కిలోల వరకు తవుడు వస్తాయని మిల్లు నడిపే మీకు తెలియనిది కాదు. బియ్యం మాత్రమే కావాలి, తవుడు వద్దు అనుకోవడానికి వీలులేదు. ఇట్టివాటినే ఉమ్మడి ఉత్పత్తులు అంటారు.

తవుడు మర నుండి వెలువడిన గడియ నుండే చెడడం మొదలవుతుంది. అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లాలను పెంచుతుంది. నిల్వ ఉన్నకొద్దీ వంటనూనెకు పనికిరాక ధర పడిపోతుంది. ఆవిరితో వేడిచేసి ఆరబెడితే ఈ చెడుగు ఆగుతుంది. అందుకు వలసిన యంత్రానికి రుణం తీసుకోవచ్చునా?

చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. ధాన్యం ధర, హమాలీ, మర ఖర్చులలో కొంత తవుడుపై వేసి, "క్వింటాలు నాకు రూ. 2,400 పడింది, రూ. 2,000కు ఎలా ఇస్తాను?" అంటారు. ఆ పంపకం ఖాతాలకు, సరుకు నిల్వల విలువ కట్టడానికి అవసరమే. ఈ నిర్ణయానికి దానితో పనిలేదు. తవుడును ఏ రూపంలో అమ్మినా ధాన్యంపై పెట్టిన సొమ్ము మారదు. అదనంగా వచ్చేదెంత, అదనంగా అయ్యేదెంత అన్నదే చూడవలెను.

పచ్చి తవుడు క్వింటాలు రూ. 2,000, ఆవిరి పట్టించినది రూ. 2,200 అనుకుందాం. లాభం 200 కాదు సుమా! తేమ పోయి క్వింటాలు 96 కిలోలే తూగితే చేతికి వచ్చేది రూ. 2,112. వంటచెరకు, కరెంటు, కూలి కలిసి రూ. 60 పోగా మిగులు రూ. 52. సీజనుకు 1,000 క్వింటాళ్ల తవుడు వచ్చే మిల్లుకు అది రూ. 52,000. యంత్రం ధర రూ. 4 లక్షలు, వడ్డీ 11 శాతం, ఆయువు పదేళ్లు అయితే మొదటి ఏడు వడ్డీ రూ. 44,000, తరుగుదల రూ. 40,000, వెరసి రూ. 84,000. అనగా ఈ మిల్లు ఆ రుణం తీసుకోరాదు. సుమారు 1,615 క్వింటాళ్ల తవుడు, అంటే దాదాపు 20,000 క్వింటాళ్ల ధాన్యం ఆడించగలవారికే ఇది గిట్టుబాటు.

యంత్రం ఇదివరకే కొన్నవారి సంగతి వేరు. నడిపినా మానినా వాయిదా కట్టక తప్పదు కనుక, క్వింటాలుకు రూ. 52 మిగులుతున్నంత కాలం నడపడమే మేలు.

సాల్వెంట్ ప్లాంటు దగ్గరలో ఉండి, ఏ రోజు తవుడు ఆ రోజే ఎత్తుకుపోయేటట్లయితే అదనపు ధర ఇచ్చేవారు అరుదు. రుణ దరఖాస్తుకు ముందే ఆ ధరను కొనుగోలుదారుని నుండి వ్రాతపూర్వకంగా తీసుకోండి. పాత హల్లరు మిల్లులలో ఊకపొడి కలిసి వచ్చే తవుడుకు మాత్రం ఈ యంత్రం ఆలోచనే వద్దు. దానిని పశువుల దాణాకు అమ్ముకోవడమే తగును.